రంగు ఆరుట: పాత మోటారు సైకిలు చెప్పెడి చరిత్ర

తడిసిన బట్టను దండెముపై వేసినచో కొంతసేపటికి ఆరును. అందలి నీరు గాలిలో కలిసిపోయినదని అర్థము. తలుపునకు వేసిన రంగును ఆరును; మోటారు సైకిలు ట్యాంకునకు వేసిన రంగును ఆరును. అన్నిటికిని తెలుగులో ఒకటే మాట. కాని ఈ ఆరుటలన్నియు ఒకటి కావు. ఒకదానిలో తడి బయటికి పోవును. మరియొకదానిలో గాలిలోని పదార్థము లోనికి వచ్చి చేరును. ఇంకొకదానిలో రెండు ద్రవములు కలిసి మూడవ పదార్థమగును. ఈ భేదము తెలియక వేసిన రంగు తెల్లబారును, పొక్కును, పెచ్చులుగా ఊడును. ఒక్కొక్కప్పుడు వేసినవాని ఊపిరితిత్తులకే ముప్పు తెచ్చును.

కోనసీమలో ఈ భేదమునకు మరింత ప్రాముఖ్యము కలదు. గౌతమీ, వసిష్ఠ పాయల నడుమ సముద్రమును ఆనుకొనియున్న ఈ లంకభూమి 2022 ఏప్రిల్ 4వ తేదీన అమలాపురము కేంద్రముగా ప్రత్యేక జిల్లా అయినది. కొత్తపేట మొదలు రాజోలు వరకు ఎటు చూచినను నదియో, కాలువయో కనబడును. సఖినేటిపల్లి రేవులో పంటుమీద ఏరు దాటు బండికైనను, అంతర్వేది తీరమున నిలిపిన బండికైనను తేమయు ఉప్పును తప్పవు. తేమ ఇనుమునకు మాత్రమే శత్రువు కాదు. ఆరుచున్న రంగులలో పెక్కింటికి కూడ శత్రువే. అయితే ఒక రంగునకు మాత్రము అది మిత్రము. ఆ వింత ముందు తెలియగలదు.

పాత బండ్లను భద్రపరచుట నేడు చట్టము గుర్తించిన పని. మొదట రిజిస్టరు అయి 50 సంవత్సరములు దాటి, ముఖ్యభాగములు పెద్దగా మారని ద్విచక్ర, చతుశ్చక్ర వాహనములకు ‘వీఏ’ అను అక్షరములు గల ప్రత్యేక నంబర్లు ఇచ్చు నిబంధన 2021 జూలైలో వెలువడినది. మద్రాసులో ఎన్‌ఫీల్డ్ బుల్లెట్టు తయారీ 1955లోను, మైసూరులో జావా కర్మాగారము 1961లోను ఆరంభమైనవి. ఆ తొలి దినముల బండ్లు ఈ వయఃపరిమితిని ఎప్పుడో దాటినవి. అట్టి బండిని ఇంటి వసారాలో విప్పి మరల రంగు వేయబూనినవాడు మొదట తెలిసికొనవలసినది ఒక్కటే: ఈ రంగు ఏ విధముగా ఆరినది? ఇప్పుడు వేయబోవు రంగు ఏ విధముగా ఆరును?

నూనె రంగు

యూరపులో గుర్రపు బండ్లకు రంగు వేసిన పనివారి విద్యయే మొదటి మోటారు బండ్లకును సంక్రమించినది. 1894లో జర్మనీలోని మ్యూనిచ్ నగరమున హిల్డెబ్రాండ్, వుల్ఫ్‌మ్యూలర్ అనువారి సంస్థ మోటారు సైకిళ్ళను వరుసగా తయారుచేసి అమ్మనారంభించెను. ఇంగ్లండులోని రెడ్డిచ్ పట్టణమున రాయల్ ఎన్‌ఫీల్డ్ కంపెనీ మొదటి మోటారు సైకిలు 1901లో వెలువడెను. ఆ కాలపు రంగునకు ప్రాణము అవిసె గింజల నూనె.

అవిసె నూనె బట్టవలె ఆరదు. ఆ నూనెలోని క్రొవ్వు ఆమ్లముల అణువులలో కర్బన పరమాణువుల నడుమ అక్కడక్కడ ద్విబంధములు కలవు. గాలిలోని ఆమ్లజని ఆ ద్విబంధములున్న తావులవద్ద చేరి, ఒక అణువును ప్రక్క అణువుతో ముడివేయును. వేలకొలది ముడులు పడగా ద్రవము వలవలె అల్లుకొని గట్టిపొర అగును. కనుక ఆరిన అవిసె నూనె బరువు తగ్గదు, పైపెచ్చు పెరుగును. తడిబట్ట ఆరుటకును దీనికిని ఎంత భేదమో ఈ ఒక్క విషయమే చెప్పుచున్నది.

ఏ నూనె ఈ విధముగా ఆరగలదో ముందే చెప్పుటకు 1884లో హ్యూబుల్ అను ఆస్ట్రియా రసాయనవేత్త ఒక కొలతను ఏర్పరచెను. అయొడిన్ ద్విబంధములవద్ద చేరును గనుక, 100 గ్రాముల నూనె ఎన్ని గ్రాముల అయొడిన్‌ను పట్టుకొనునో లెక్కించినచో ద్విబంధముల పరిమాణము తెలియును. దీనినే అయొడిన్ విలువ యందురు. అవిసె నూనెకు ఇది సుమారు 170 నుండి 200 వరకు ఉండును. వేరుశనగ నూనెకు 85 నుండి 105 వరకు, ఆముదమునకు 80 నుండి 90 వరకు ఉండును. కొబ్బరినూనెకు పది ప్రాంతమునకు మించదు.

కోనసీమ కొబ్బరికి ప్రసిద్ధి. అంబాజీపేట కొబ్బరి వ్యాపారమునకు పేరుపొందిన ఊరు. కాని కొబ్బరినూనెను గాజుపలకపై పూసి నెలల తరబడి ఉంచినను పొర కట్టదు. దానిలో సుమారు 90 పాళ్ళు ద్విబంధములు లేని సంతృప్త ఆమ్లములే. తలకు రాసికొనుటకు ఇది సుగుణము. అవిసె నూనెను అట్లే తలకు పట్టించి వదలినచో వెండ్రుకలు జిగురుగా అంటుకొనిపోవును. తలకు సుగుణమైనది రంగునకు లోపమైనది. అయినను కొబ్బరినూనె ఈ కథనుండి శాశ్వతముగా తొలగిపోలేదు.

నూనె రంగు నిదానమునకు పెట్టినది పేరు. ఒక పూత ఆరిన పిమ్మట రుద్ది, మరియొక పూత వేసి, ఇట్లు పెక్కు పూతలు ముగించుటకు వారములు పట్టెడిది. ఇందు ఒక అపాయము కూడ కలదు. ఆమ్లజని చేరునపుడు వేడి పుట్టును. అవిసె నూనె తుడిచిన గుడ్డలను ఉండచుట్టి మూల పడవేసినచో ఆ వేడి బయటికి పోలేక గుడ్డలు తమంత తామే అంటుకొనగలవు. ఇంటిలో పనిచేయువారు అట్టి గుడ్డలను విడదీసి ఆరుబయట ఆరవేయవలెను. లేదా నీటిలో ముంచి ఉంచవలెను.

నల్లరంగు, నల్లజీడి

పూర్వపు మోటారు సైకిళ్ళు పెక్కు నల్లనివి. ఆ నల్లరంగును ఇంగ్లీషువారు ‘జపాను నలుపు’ అనిరి. జపాను, చైనా దేశముల నుండి వచ్చిన నల్లని లక్కపెట్టెల మెరుపును చూచి, యూరపువారు తమ వద్దనున్న తారు జాతి పదార్థములను అవిసె నూనెతో కలిపి, కొలిమిలో కాల్చి, అట్టి మెరుపును సాధించిరి. పేరు జపానుదే గాని పదార్థము వేరు.

జపానులోని అసలు పదార్థము ఉరుషి అను చెట్టు పాలు. ఆ చెట్టు మామిడి, జీడిమామిడి, నల్లజీడి చెట్ల కుటుంబమునకు చెందినది. మామిడికాయ సొన పెదవికి తగిలిన ఎట్లు పుండగునో కోనసీమ పిల్లలకు చెప్పనక్కరలేదు. చాకలివారు బట్టలపై గుర్తు పెట్టుటకు వాడిన నల్లజీడి రసము ఎన్ని ఉతుకులకును పోదు. చర్మమునకు తగిలిన పొక్కును. ఉరుషి పాలు కూడ అట్టివే. 1883లో యోషిదా అను జపాను శాస్త్రజ్ఞుడు ఈ పాలు గట్టిపడుటకు అందలి ఒక ఎంజైము కారణమని కనుగొనెను. దానికే పిమ్మట లాకేజ్ అను పేరు వచ్చెను. ఆ ఎంజైము పనిచేయుటకు గాలిలో తేమ ఉండవలెను. అందుచేత జపాను పనివారు ఉరుషి పూసిన వస్తువులను ఎండలో పెట్టరు. తేమగల పెట్టెలలో ఉంచుదురు. ముందు చెప్పిన వింత ఇదే. వానాకాలపు గాలిలో చక్కగా ‘ఆరు’ పూత కూడ లోకమున కలదు!

యూరపు నల్లరంగునకు కావలసినది తేమ కాదు, వేడి. అమెరికాలో ఫోర్డు కంపెనీ 1914 నుండి 1925 వరకు తన టి-మోడల్ కార్లను నల్లరంగులోనే విక్రయించెను. నల్లరంగు చవకయై, గట్టిదై, మన్నికగలదియై యుండుట ఇందుకు ముఖ్య కారణము. మోటారు సైకిళ్ళ ఛాసిస్‌లకు, మడ్గార్డులకు సైతము ఇట్టి కాల్చిన నలుపే చిరకాలము రక్షణ ఇచ్చినది.

ప్రేలుడు దూదినుండి డ్యూకో

రంగును వారములనుండి గంటలకు తెచ్చినది దూది. 1846లో స్విట్జర్లాండులోని బాసెల్ నగరమున షోన్‌బైన్ అను రసాయనవేత్త దూదిని నత్రికామ్ల, గంధకికామ్లముల మిశ్రమములో ముంచి ప్రేలుడు దూదిని తయారుచేయు విధమును లోకమునకు తెలిపెను. నత్రికామ్లపు పాలు తగ్గించినచో అదియే తగిన ద్రావణిలో కరగి, ద్రావణి ఆవిరియైన పిమ్మట గాజువంటి పొర విడుచును. దీనిని నైట్రోసెల్యులోజ్ అందురు.

అయితే పాత నైట్రోసెల్యులోజ్ కొద్దిగా కరగినంతనే ద్రావణి గంజివలె చిక్కబడెడిది. పలుచగా కలిపినచో పొర మరీ పలుచనయ్యెడిది. మొదటి ప్రపంచయుద్ధ కాలమున ప్రేలుడు పదార్థములను విస్తారముగా తయారుచేసిన అమెరికాలోని డ్యూపాంట్ కంపెనీలో 1920లో చిక్కదనము తక్కువగల నైట్రోసెల్యులోజ్ అనుకోకుండ లభించెను. దానితో తయారైన రంగునకు ‘డ్యూకో’ అని పేరు పెట్టిరి. 1923లో జనరల్ మోటార్స్ సంస్థ దీనిని కార్లకు వాడనారంభించెను. వారముల పని గంటల పని అయినది. నలుపుతోబాటు నీలము, పచ్చ మొదలగు రంగులును చవకగా వచ్చినవి. ఒక కంపెనీ పెట్టుకొన్న ఆ పేరు తెలుగునాట గ్యారేజీలలో స్ప్రే రంగుకు సామాన్య నామమై, నేటికిని ‘డ్యూకో పెయింటు’ అనియే వినబడుచున్నది.

ఇంత త్వరగా ఆరు రంగును కుంచెతో వేయుట కష్టము. ఇందుకు స్ప్రే గన్ను తోడ్పడినది. అమెరికాలోని టొలీడో నగరమున డెవిల్‌బిస్ అను వైద్యుడు రోగుల గొంతులో మందు చల్లుటకు 1888లో ఒక చిన్న తుంపర సాధనమును చేసెను. ఆయన కుమారుడు 1907లో దానిని రంగు చల్లుటకు మార్చెను. గొంతును బాగుచేయుటకు పుట్టిన సాధనము, గొంతును కాపాడుకొనుచు వాడవలసిన సాధనమైనది.

కోనసీమలో ఈ రంగునకు తేమతో తగవు వచ్చును. థిన్నరు ఆవిరియగునపుడు రేకు చల్లబడును. చేతిపై స్పిరిటు పోసికొన్న చల్లగా తోచుటకును ఇదే కారణము. గాలి ఏ ఉష్ణోగ్రతకు చల్లబడినచో అందలి ఆవిరి మంచుబొట్లుగా మారునో దానిని తుషార స్థానమందురు. గాలి 30 డిగ్రీల సెంటిగ్రేడు వేడితో, 80 శాతము సాపేక్ష ఆర్ద్రతతో ఉన్నచో తుషార స్థానము సుమారు 26 డిగ్రీలు. అనగా రేకు నాలుగు డిగ్రీలు చల్లబడినంతనే దానిపై కంటికి కనబడని నీటితుంపర దిగును. అది ఇంకను పచ్చిగానున్న రంగులో చిక్కుకొని, నల్లని ట్యాంకుపై పాలపొర వలె తెల్లదనమును తెచ్చును. అదే 30 డిగ్రీల గాలిలో ఆర్ద్రత 50 శాతమైనచో తుషార స్థానము 18 డిగ్రీల ప్రాంతమున ఉండును. అప్పుడు భయము తక్కువ. రేకు వేడి తుషార స్థానము కంటె కనీసము మూడు డిగ్రీలు ఎక్కువగా ఉన్నపుడే రంగు వేయవలెనని నిపుణుల నియమము. త్వరగా ఆరు రంగునకు ఆ మూడు డిగ్రీలును చాలవు. అందుచేత వానకాలపు సాయంకాలములను, మంచు కురియు ఉదయములను విడిచి, సంక్రాంతి దాటిన పిమ్మట పొడి మధ్యాహ్నములను ఎన్నుకొనుట ఛాందసము కాదు, శాస్త్రము.

కొబ్బరినూనె తిరిగివచ్చుట

నైట్రోసెల్యులోజ్ పొర మెరియును గాని పెళుసు. దానికి మెత్తదనము నిచ్చు తోడు కావలసి వచ్చెను. గ్లిసరిన్‌ను థాలిక్ ఆమ్ల జాతి పదార్థముతో కలిపి వేడిచేసిన జిగురువంటి రెజిన్ వచ్చునని 1901లో వాట్సన్ స్మిత్ తెలిపెను. 1920ల దశకమున అమెరికాలోని జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీలో కీన్లే అను రసాయనవేత్త ఆ రెజిన్‌లో నూనెల క్రొవ్వు ఆమ్లములను చేర్చెను. ఆల్కహాలు, ఆమ్లము అను రెండు పేర్ల ఇంగ్లీషు రూపములను కలిపి దీనికి ‘ఆల్కిడ్’ అని పేరు పెట్టెను. అవిసె, సోయా వంటి నూనెలు చేర్చిన ఆల్కిడ్ గాలిలో ఆరును. దుకాణములలో సింథటిక్ ఎనామెల్ అని అమ్మునది సామాన్యముగా ఇదియే.

కొబ్బరినూనె చేర్చిన ఆల్కిడ్ మాత్రము గాలిలో ఆరదు. కాని దానికి వేరొక గుణము కలదు. ద్విబంధములు లేనందున ఆమ్లజని దానిని సులభముగా తాకలేదు; అందుచేత అది కాలముతో పసుపుబారదు. దీనిని నైట్రోసెల్యులోజ్‌తో కలిపినచో పెళుసుదనము పోవును. మెలమిన్ రెజిన్‌తో కలిపి సుమారు 120 నుండి 150 డిగ్రీల వేడిలో కాల్చినచో తెలుపు, లేత రంగుల గట్టి ఎనామెల్ వచ్చును. ఆరకుండుట ఏ నూనెకు లోపమైనదో, ఆ నూనెయే ఈ విధముగా మోటారు బండ్ల పూతలలో గౌరవస్థానము పొందినది. ఒక పదార్థపు గుణము మంచిదా చెడ్డదా అన్నది దానికి దొరకిన తోడును బట్టి ఉండునని ఇందువలన తెలియును.

ఇంటివద్ద రంగు వేయువారు ఇక్కడ ఒక మాట మరువరాదు. కర్మాగారపు కొలిమిలో కాల్చవలసిన రంగును ఇంటిలో అనుకరింపబోయి పాత పెట్రోలు ట్యాంకును పొయ్యివద్దకు గాని, కాపడపు దీపమువద్దకు గాని తీసికొనిపోరాదు. పెట్రోలు లేకపోయినను దాని ఆవిరి ట్యాంకులో నిలిచి ప్రేలగలదు.

ఒకే ట్యాంకుపై రెండు విధముల ఆరుటలు కూడ కనబడవచ్చును. మద్రాసు కర్మాగారమున బుల్లెట్టు ట్యాంకుపై బంగారు గీతలను చేతితో గీయు సంప్రదాయము పేరుగాంచినది. పొడవైన మెత్తని వెండ్రుకల కుంచెతో ఒక్క ఊపున గీత గీయుటకు నిదానముగా ఆరు నూనె ఎనామెల్ అనుకూలము. త్వరగా ఆరు సెల్యులోజ్ రంగు కుంచెను మధ్యలోనే పట్టి నిలుపును. నూనె రంగు నిదానము గోడకు దోషమైనను గీతకు గుణమైనది.

రంగు క్రింది ఇనుము

ఎంత మంచి రంగైనను క్రింది ఇనుము శుభ్రముగా లేనిచో నిలువదు. తుప్పు పట్టుటకు ఇనుముతోబాటు నీరును ఆమ్లజనియు కావలెను. ఉప్పు ఆ నీటిలో విద్యుత్తును సులభముగా ప్రసరింపజేసి తుప్పును త్వరపరచును. రంగుపొర నీటిని పూర్తిగా ఆపలేదు. కొద్దికొద్దిగా లోనికి పోనిచ్చును. క్రింద ఉప్పు కణమున్నచో అది ఆ నీటిని ఆకర్షించి, కరగి, పొక్కుగా పైకి లేపును. అందుచేత సముద్రతీరపు బండిని రుద్దుటకు ముందును, రుద్దిన పిమ్మటను మంచినీటితో కడిగి, వెంటనే బాగుగా ఆరనిచ్చుట లప్పము పెట్టుట కంటె ముఖ్యమైన పని.

తుప్పును ఆపుటకు భాస్వరము తోడ్పడును. 1906లో బర్మింగ్‌హామ్ నగరపు కాస్లెట్ ఇనుమును భాస్వరికామ్లముతో శుద్ధిచేయు పద్ధతికి పేటెంటు పొందెను. ఆమ్లము ఇనుముతో కలిసి, నీటిలో కరగని ఫాస్ఫేటు పొరను ఏర్పరచును. రంగునకు అది మంచి పట్టునిచ్చును. ఢిల్లీలోని ఇనుపస్తంభము సుమారు 1600 సంవత్సరములుగా ఎండవానలకు నిలుచుటకు కూడ భాస్వరమే ముఖ్య కారణమని కాన్పూరు ఐ.ఐ.టి. ఆచార్యులు ఆర్. బాలసుబ్రహ్మణ్యం వివరించిరి. ఆ ఇనుములో సుమారు 0.25 శాతము భాస్వరముండి, ఉపరితలమున రక్షకపొరను ఏర్పరచినది. నాటి కమ్మరులకు లోహముతోబాటు సహజముగా వచ్చిన రక్షణను నేటివారు పూతగా తెచ్చుకొనుచున్నారు.

పాత రోజులలో ఇనుముపై మొదటి పూతగా సీససిందూరము వాడెడివారు. అది తుప్పును చక్కగా ఆపును. కాని సీసము విషము. పిల్లల మెదడు ఎదుగుదలకు అది మిక్కిలి హానికరము. భారతదేశమున గృహోపయోగ, అలంకార రంగులలో సీసము పదిలక్షల పాళ్ళకు 90 పాళ్ళకు మించరాదను నిబంధన 2016లో వెలువడి, 2017 నవంబరు నుండి అమలులోనికి వచ్చినది. కాని పాత బండిపై నున్న రంగు ఆ నిబంధనకు ఎంతో ముందుది. దానిని పొడిగా రుద్దినచో సీసపు దుమ్ము ఇల్లంతయు వ్యాపించును. కనుక పాత రంగును నీటితో తడుపుచు వాటరు పేపరుతోనే రుద్దవలెను. పిల్లలాడు వసారా ఆ పనికి తగిన చోటు కాదు.

రెండు డబ్బాల రంగు

1937లో జర్మనీలో ఓటో బాయర్ బృందము పాలియురిథేన్‌ను కనుగొనెను. నేడు ‘పి.యు.’ అని పెయింటర్లు చెప్పు రంగు ఈ జాతిది. ఇది రెండు డబ్బాలలో వచ్చును. ఒకదానిలో రెజిన్, రెండవదానిలో గట్టిపరచు ఐసోసైనేటు ఉండును. రెండును కలిపిన పిమ్మట అణువులు ఒకదానితో నొకటి ముడిపడి, పెట్రోలు చిందినను చెదరని గట్టిపొర అగును. ఇచ్చట పొర గట్టిపడుటకు ప్రధాన కారణము ద్రావణి పోవుటయు కాదు, ఆమ్లజని చేరుటయు కాదు. రెండు డబ్బాలలోని పదార్థముల సంయోగము.

తేమ దీనికిని శత్రువే, కాని వేరు విధమున. ఐసోసైనేటు నీటితో కలిసి బొగ్గుపులుసు గాలిని విడుచును. ఆ గాలి రంగులో సన్నని బుడగలు కట్టును. బుడగలు రుద్దిన పోవును; కాని ఐసోసైనేటు తుంపర ఊపిరిలోనికి పోయినచో కలుగు హాని అట్లు పోదు. కొందరికి దానివలన ఉబ్బసము వచ్చును. ఒకసారి శరీరమునకు అది పడనిదైన పిమ్మట స్వల్పమాత్రము సోకినను ఆయాసము కలుగవచ్చును. 1984 డిసెంబరులో భోపాలులో వేలమందిని బలిగొన్న మిథైల్ ఐసోసైనేటు వేరు పదార్థము. ఎంతో సులభముగా ఆవిరియగునది. రంగులోని ఐసోసైనేటు దానివలె లేచిపోవునది కాదు. కాని రెండింటిలోను క్రియాశీలమైన పరమాణు సమూహము ఒకటే. స్ప్రే గన్ను ఆ లేచిపోని పదార్థమునే సన్నని తుంపరగా చేసి ముక్కువద్దకు చేర్చును. ముక్కునకు చేతిరుమాలు కట్టుట దీనికి రక్షణ కానేరదు. బయటి శుభ్రమైన గాలిని గొట్టము ద్వారా అందించు ముసుగును, గాలి పీల్చివేయు ప్రత్యేకపు గదియు కావలెను. అవి లేని ఇంటిలో రెండు డబ్బాల రంగును చల్లుట తగదు. ఆ భాగములను తగిన సౌకర్యములున్న చోటికి పంపుటయే వివేకము.

పొరలు చదువుట

పాత ట్యాంకుపై ఏ రంగున్నదో తెలిసికొనుటకు సులభమైన పరీక్ష కలదు. కంటికి కనబడని అడుగుభాగమున థిన్నరు తడిపిన తెల్లగుడ్డతో రుద్దవలెను. రంగు కరగి గుడ్డకు అంటినచో అది సెల్యులోజ్ రంగు. ద్రావణి పోయి ఆరినది గనుక ద్రావణి రాగానే తిరిగి కరగును. ముడుతలు పడి లేచినచో నూనె లేక ఆల్కిడ్ ఎనామెల్ కావచ్చును. ఏమియు కానిచో కొలిమిలో కాల్చినదో, రెండు డబ్బాలదో అయియుండును. ఎనామెల్ పూతపై తెలియక సెల్యులోజ్ రంగు చల్లినచో ఆ ఘాటు థిన్నరు క్రింది పొరను ముడుతలుగా లేపును. నెలల శ్రమ ఒక్క క్షణములో వ్యర్థమగును.

రుద్దుటకు ముందు మరియొక పని చేయదగును. ఒకచోట రూపాయి బిళ్ళంత మేర నీటితో సన్నగా, వాలుగా రుద్దినచో పొరలన్నియు చెట్టుమానులోని వలయముల వలె బయటపడును. పైన నిన్నటి రంగు, దాని క్రింద పాత యజమానుని రంగు, ఆపైన లప్పము, అడుగున కర్మాగారము వేసిన మొదటి రంగు. ఈ వలయములు బండి చరిత్రకు సాక్ష్యములు. వానిని ఫొటో తీసి, వీలైనచో పనిముట్ల పెట్టె లోపలివైపున ఒక చిన్న చదరమును రుద్దక అట్లే వదలుట మంచిది. ఒకసారి అంతయు గీకివేసిన పిమ్మట ఆ సాక్ష్యమును ఏ రసాయనమును తిరిగి తేలేదు.

తరగతిలో చేయదగిన పరీక్ష

ఈ విషయమును ఉన్నత పాఠశాలలో సులభముగా చూపవచ్చును. మూడు గాజుపలకలను తూచి, ఒకదానిపై మరగించిన అవిసె నూనెను, రెండవదానిపై కొబ్బరినూనెను, మూడవదానిపై లక్కను స్పిరిటులో కరగించిన వార్నిషును పలుచగా పూసి మరల తూచవలెను. దుమ్ము పడకుండ గాలి తగులు చోట ఉంచి, వారము దినములు ప్రతిరోజు అదే వేళకు తూకము వ్రాసికొనవలెను. గది ఉష్ణోగ్రతను, తడి పొడి ఉష్ణమాపకములతో ఆర్ద్రతను కూడ ప్రక్కన వ్రాయవలెను. మంటను దగ్గరకు రానీయరాదు.

లక్క పలక బరువు త్వరగా తగ్గి నిలుచును. అవిసె నూనె పలక బరువు కొంత పెరుగును. కొబ్బరినూనె పలక తడిగానే మిగులును. వారము తరువాత స్పిరిటు తడిపిన దూదితో పలకలను తుడిచినచో లక్క కరగివచ్చును. అవిసె పొర అట్లు కరగదు. ఒకే బల్లపై, ఒకే గాలిలో, ఒకే వారములో మూడు పలకలు మూడు విధముల నడచును. వసారాలో విప్పియున్న బండికి ఏ రంగు, ఏ రోజున, ఏ చోట వేయవలెనో ఈ మూడు తూకములు గ్రహించిన విద్యార్థి చెప్పగలడు.